పురిటింటి కాగు

నీటిచుక్క ఒకటి నిప్పుల మీద పడి సుయ్యిమంది.

సావిత్రమ్మ పొయ్యిలోని కట్టెలు బయటికి లాగింది. జొన్నపిండి ముద్ద తడిపి, రాగి కాగు అడుగున చుక్క కారుతున్న చోట అద్దింది. పిండి ఆ వేడికే ఉడికి గట్టిపడింది.

"ఇంకో ఏడాదికి ఫికర్ లేదు," అంది చేతులు కడుక్కుంటూ.

ఆ మాట ఆమె ఏటా అంటూనే ఉంది. కాగు ఏటా కారుతూనే ఉంది.

నయాపైసలు కొత్తగా వచ్చిన ఏడాది అది. మహబూబ్‌నగర్ మగ్గాల వాడలో సావిత్రమ్మ కూతురు మంజులత తొలి కాన్పుకు పుట్టింటికొచ్చి కొడుకును కన్నది. బాలింతకు రోజూ కాగెడు నీళ్లు సలసలా కాచి పోయాలి. నీళ్లు పోసే యాదమ్మేమో జ్వరంతో మంచం పట్టింది.

సరిగ్గా అప్పుడే గుమ్మంలో ఒక ముసలామె నిలబడింది. పేరు ఉప్పలమ్మ అంది. కొల్లాపూర్ దిక్కు నుంచి పురిటిళ్లన్నీ తిరుగుతూ వచ్చానంది. ఇంత జొన్నరొట్టె పెడితే చాలు, బాలింతకు తానే నీళ్లు పోస్తానంది.

పురిటింటికి వచ్చిన ఏ ఆడమనిషైనా ముందు పసివాణ్ణి చూస్తుంది. ఈమె నేరుగా పెరట్లోకి పోయి కాగును చూసింది. వంగి అడుగు తడిమింది.

"గీ కాగు దించుండ్రమ్మా. దీని పని ఒడిసింది."

సావిత్రమ్మకు ఒళ్లు మండింది. పురుడు నడుస్తుంటే పొయ్యి మీది కాగు మార్చడం ఎక్కడైనా ఉందా? ఏ గిన్నెల దుకాణం వాడో ఈమెను పంపి ఉంటాడని కూడా అనుమానం వచ్చింది.

"ఎందుకు దించాల్నో చెప్పు."

"పురిటింట్ల గా మాట అనొద్దు. పురుడు ఎల్లినంక చెప్త."

నిజానికి ఆ కాగు కొత్తదేమీ కాదు. సావిత్రమ్మ భర్త వెంకటరాజం చాలా ఏళ్ల కిందట పాత సామాను అమ్మేచోట కొన్నాడు. అప్పటికే అది మెడదాకా నల్లగా మసిపట్టి ఉంది. సావిత్రమ్మ ఆ మసి జోలికి పోలేదు. మసి గీకితే రాగి అరిగిపోతుందని ఆమె గట్టి నమ్మకం. చింతపండు పెట్టి తోమేది లోపలి వైపు మాత్రమే. ఆమె నమ్మకాలను కాదనే ధైర్యం వెంకటరాజానికి మగ్గం ముందు కూర్చున్నప్పుడు కూడా ఉండేది కాదు.

ఉప్పలమ్మ మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నీళ్లు పోయడం మాత్రం వింతగా ఉండేది. మంజులతను రాతిబండ మీద కూర్చోబెట్టి, తాను పొయ్యికి వీపు పెట్టి, కాగుకూ పిల్లకూ మధ్య అడ్డంగా కూర్చునేది.

"అవ్వా, జర పక్కకు జరుగు. పిల్లకు సెగ తగులద్దా?" అని సావిత్రమ్మ విసుక్కునేది.

"నడుము నొప్పి బిడ్డా. సెగకు హాయిగుంటది."

ఈమె వచ్చింది నీళ్లు పోయడానికి కాదు, నడుము కాచుకోవడానికని సావిత్రమ్మ వాడంతా చెప్పి నవ్వింది.

ఒకనాడు ఉప్పలమ్మ చెంబెత్తి, "తల వంచు కౌసల్యా," అంది. మంజులత నవ్వి, కౌసల్య ఎవరని అడిగింది.

"నా బిడ్డ."

"ఏడుంటది?"

"పురుడు ఎల్లినంక చెప్త," అని ఉప్పలమ్మ గబగబా నీళ్లు పోసేసింది.

పురిటి స్నానం రోజు వచ్చింది. ఆ రోజు నీళ్లు ఎక్కువ కావాలి. సగమే నింపమని ఉప్పలమ్మ బతిమాలింది. సావిత్రమ్మ వినకుండా కాగు నిండా నింపి, పొయ్యి నిండా కట్టెలు పెట్టింది.

నీళ్లు సలసలా తెర్లుతున్నాయి. మంజులత బండ మీద కూర్చుంది. ఉప్పలమ్మ ఎప్పటిలాగే అడ్డంగా కూర్చుంది.

కాగు అడుగు ఊడిపోయింది.

కేక విని సావిత్రమ్మ పరుగెత్తింది. మంజులత గోడవారగా పడి ఉంది. ఆమెను కప్పేస్తూ ఉప్పలమ్మ బోర్లా పడి ఉంది. ముసలామె వీపంతా బొబ్బలెక్కి ఉంది.

బండి కట్టి దవాఖానకు తీసుకుపోయారు. సావిత్రమ్మ ఆమె చెయ్యి పట్టుకుని ఏడ్చింది. పురుడు వెళ్లింది కదా, ఇప్పుడైనా ఆ మాటేమిటో చెప్పమని అడిగింది.

"పిల్లకు తగిలిందా?" అంది ఉప్పలమ్మ.

"లేదవ్వా. ఒక్క చుక్క పడలే."

ఉప్పలమ్మ ముఖం తేటపడింది.

"గీసారి నేను పక్కనే ఉంటి," అంది.

తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

ఎక్కడి మనిషో, ఎవరికి కబురు చెయ్యాలో తెలియలేదు. వెంకటరాజమే తలకొరివి పెట్టాడు.

తర్వాత ఒక మధ్యాహ్నం, పగిలిన కాగును పాత రాగి కింద ఇచ్చేద్దామని సావిత్రమ్మ పెరట్లో వేసుకు కూర్చుంది. బతుకులో మొదటిసారి దాని బయటి మసి గీకింది. అడుగున ఊడిన చోటు చుట్టూ ఒక పాత అతుకు బయటపడింది. అంటే అక్కడే అది ఇదివరకొకసారి పగిలింది. ఎవరో మాటు వేయించి అమ్మేశారు.

ఇంకా గీకింది. మెడ కింద అక్షరాలు కనిపించాయి. ఆమెకు చదువు రాదు. కూతురిని పిలిచింది.

పసివాణ్ణి చంకలో వేసుకొచ్చిన మంజులత, ఒక్కో అక్షరం మీద వేలు పెట్టి మెల్లగా చదివింది: "కౌసల్య తొలి కాన్పుకు, తల్లి ఉప్పలమ్మ పెట్టినది."