పిన్ని నవలకి పెళ్ళి

నవల తెరుచుకునేలోపు కాఫీ చల్లారిపోతోందని వింధ్యావళి పిన్ని గోల పెడితే, ఆవిడ పాత కంప్యూటర్‌కి ఈ ఏడాది వచ్చిన ప్రాసెసర్ బిగించాను. ఈ కొత్తవాటికి ఒక అలవాటుంది. సగంలో ఆగిన పని కనబడితే పూర్తి చేసేస్తాయి. వద్దని ముందే చెప్పొచ్చు. కానీ అన్నీ వీటికే వదిలేసే మా వయసువాళ్ళ దగ్గర సగంలో ఆగిన ఫైలంటూ ఉండదు కాబట్టి నాకా సంగతే తట్టలేదు.

స్విచ్ వేయగానే, పిన్ని ఏళ్ళుగా రాస్తున్న నవల కింద ‘సమాప్తం’ అని కనబడింది. ఆవిడ చివరి పేజీ చదివి కుర్చీలో కూలబడింది.

"నా హీరోయిన్ చిత్రరేఖని ఆ పెళ్ళాడతానన్నవాడికిచ్చి పెళ్ళి చేసేసిందే నీ ప్రాసెసర్!"

"బాగా రాయలేదా పిన్నీ?"

"బాగానే ఏడిసింది. అచ్చం నేను రాసినట్టే ఉంది. ఆ పిల్ల ఊఁ అంటుందో లేదో నాకే తెలీదే, ఇంకా కనుక్కుంటున్నా!"

వెంటనే కంప్యూటర్ మూత విప్పాను. కొత్తది పీకేసి పాత ప్రాసెసర్ పెట్టాను. ఆ పెళ్ళి అధ్యాయం మొత్తం తుడిచేశాను.

"ఇదుగో, నువ్వు ఆపిన చోటే ఉంది. రాసుకో."

పిన్ని కీబోర్డు మీద చేతులు పెట్టి, మళ్ళీ తీసేసింది.

"చదివేశాను కదే. ఇప్పుడు నా బుర్రలోంచి ఎలా తుడుస్తావు?"