మజిల్ కారు బాగోగులు

ఇవాళ్టితో తాడో పేడో తేలిపోతుందని ఆయనకి తెలుసు. తేలేది ఏదో కూడా తెలుసు.

కార్ల పత్రికలో కొత్త బండ్ల బాగోగులు రాసే పని ఆయనది. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టాడు. ఇప్పుడు చదివే ఓపిక ఎవరికుంది? అందరూ వీడియోలే చూస్తున్నారు. కొత్తగా వచ్చిన ఎడిటరమ్మ రాసేవాళ్ళని ఒక్కొక్కరినే సాగనంపుతోంది. నిన్న ఈయన బల్ల ముందుకి వచ్చి నిలబడింది.

"రేపు మీతో పాటు నేనూ బండిలో వస్తాను సార్. అదయ్యాక మాట్లాడుకుందాం."

ఆమె 'మాట్లాడుకుందాం' అన్నాక మర్నాడు ఆఫీసులో కనిపించినవాడు ఇంతవరకు లేడు. ఈ వయసులో ఇంకెవరు పిలిచి పని ఇస్తారు? పైగా ఆయనకి వేరే పని చేతకాదు. రాత్రంతా ఇదే ఆలోచన.

పొద్దున బయల్దేరుతుంటే భార్య ఎదురుగా వచ్చి కాలరు సర్దింది.

"ఆవిడ మాట్లాడుతున్నప్పుడు మొహంలోకి చూడండి. దిక్కులు చూడకండి."

"నాకు చెప్పాలా?"

"చెప్పాలి. నిన్న కిరాణా కొట్టాయన పిలుస్తుంటే పట్టించుకోకుండా వచ్చేశారట. ఎంత పొగరో అనుకుంటున్నారు."

"అనుకోనీ. అదే నయం."

ఆవిడ తలుపు తీసి పట్టుకుంది. గెలిచి రండి అని మాత్రం అనలేదు. ఆ ఆశ ఇద్దరికీ లేదు.

నిజానికి పొగరన్న పేరు ఆఫీసులోనూ ఉంది. పిలిస్తే పలకడు, పలికితే కసురుతాడు. అందుకే అక్కడ ఆయన్ని చాటుగా దుర్వాసుడంటారు. చాటుగా ఏమిటిలెండి, ఈ మధ్య వెనకాలే నిలబడి అనేస్తున్నారు.

షోరూం ముందు బండి బలిసిన ఆంబోతులా నిలబడి ఉంది. పొడుగాటి ముక్కు, వెడల్పాటి భుజాలు, రెండే తలుపులు. చూపులకి, గర్జనకి పేరుపడ్డ పాతకాలపు మజిల్ కారే. మూత ఎత్తితే మాత్రం ఇంజిన్ ఉండదు, అంతా బ్యాటరీ మీదే నడక. షోరూం మేనేజరు వెనకే నిలబడి ఉండగా, ఆయన టైర్ల దగ్గర గొంతుక్కూర్చుని చాలాసేపు చూశాడు. లేచి తాళం తీసుకుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. ఎడిటరమ్మ పక్క సీట్లో కూర్చుని బెల్టు పెట్టుకుంది.

స్టీరింగ్ పట్టుకున్నాక ఆయన నోరు విప్పడు. కొన్నేళ్ళుగా అదే నియమం. ఆమె రెండుమూడు సార్లు ఏదో అడిగింది. జవాబు లేదు. వెనక లారీవాడు హారన్ కొట్టి కొట్టి అలిసిపోయాడు. దుర్వాసుడు దారి ఇస్తే కదా! చివరికి వాడు లైట్లు వెలిగించి ఆర్పితే అప్పుడు పక్కకి జరిగాడు. ఎడిటరమ్మ రోడ్డు వదిలేసి ఆయన్నే చూస్తూ కూర్చుంది.

ఊరి బయట, మూతబడ్డ గోదాముల దగ్గర బండి ఆపాడు. నల్లకళ్ళజోడు తీసి జేబులో పెట్టుకుని, పూర్తిగా ఆమె వైపు తిరిగాడు.

"ఇప్పుడు అడగండి."

"మంచేమిటి సార్?"

"ఊపు. కాలు ఆనిస్తే చాలు, వీపు సీటుకి అతుక్కుపోతుంది. బ్రేకులు కూడా గట్టివే. ఇంత బరువునీ ముక్కు నేలకి దించకుండా ఆపాయి."

"మరి చెడు?"

"ఆ బరువే. మలుపులో ఒళ్ళు తిప్పలేక బయటికి లాగుతోంది. వెనక అద్దమంటారా, పోస్టు డబ్బా కంతే నయం. ఇక వెనక సీట్లో కూర్చునేవాళ్ళు కాళ్ళు ఇంట్లో పెట్టి రావాలి."

ఆమె ఫక్కున నవ్వింది. ఆయనకి ప్రాణం లేచొచ్చింది.

"ఏసీ పెంచాలంటే తెర మీద వెతుక్కోవాలి. మనిషి రోడ్డు చూడాలా, తెర చూడాలా? సరదాపడి నాలుగుసార్లు గట్టిగా తొక్కామా, ఛార్జి ఐసుముక్కలా కరిగిపోతుంది. రాయండి, రాసుకోండి."

ఆమె రాసుకుంది. కాసేపు కలం వంక చూసి తలెత్తింది.

"శబ్దం సంగతేమిటి సార్?"

ఈ ప్రశ్న వస్తుందని ఆయనకి తెలుసు. కంపెనీ వేసిన పుస్తకం రాత్రి రెండుసార్లు చదివాడు. గొంతు సవరించుకున్నాడు.

"బ్యాటరీ బండికి గర్జన ఎక్కడిదంటారా? స్పీకర్లలో పోశారు. దొంగ గర్జనే, కాదనను. కానీ ఏం గర్జన మేడం! ముందు కింది నుంచి గరగరమని లేచింది. గట్టిగా తొక్కేసరికి గుండెల్లో మోగింది. నా మొదటి బండి గుర్తొచ్చి నిజంగా ఏడుపొచ్చింది. మిగతావాటికి మార్కులు కోస్తాను గానీ, దీనికి నూటికి నూరూ వేస్తాను."

ఎడిటరమ్మ కలం మూసేసింది. ఆమె కళ్ళు తడిగా ఉన్నాయి. ఆయన అది చూశాడు. ఎన్నాళ్ళకో కడుపు చల్లబడింది. ఇంకా చేవ చావలేదు, మాటలతో మనిషిని కదిలించగలను అనుకున్నాడు. మొహం మీద నవ్వు అలాగే నిలిచిపోయింది.

ఆమె కిటికీ వైపు తిరిగి మెల్లిగా అంది: "ఆ స్పీకర్లు ఇంకా బిగించలేదని షోరూం మేనేజరు పొద్దున మీ వెనకే నిలబడి రెండుసార్లు చెప్పాడు సార్."