తడి లేని నేల

మస్కట్‌లో ఉన్న బావమరిది పంపిన ఫ్రిజ్ అది. తలుపుకున్న మీటని గ్లాసుతో నొక్కితే ఐసుముక్కలు రాలాలి. పగలంతా ఎంత నొక్కినా ఒక్కటీ రాలదు. రాత్రయితే ఎవరూ నొక్కకుండానే మోటారు తిరుగుతుంది, ముక్క జారిన చప్పుడవుతుంది. తెల్లారి చూస్తే నేలమీద తడి చుక్కయినా ఉండదు.

నాలుగో రాత్రి పైడిరాజుకి తిక్కరేగింది. భిలాయి ఉక్కు ప్లాంటులో ఇరవయ్యేళ్ళుగా ఎలక్ట్రీషియను. అంతంత మిల్లు మోటార్లు మాట వింటాయి గానీ, ఈ ముష్టి మీట వినదా?

“రేపు సుపేలా బజారు నుంచి ఫ్రిజ్ బాగుచేసే మిస్త్రీని తెద్దురూ,” అంది గదిలోంచి భార్య నూకరత్నం.

“నేను మిస్త్రీని కానేటి? పడుకో!”

ప్లాంటు అలవాటు ప్రకారం మెయిన్ ఫ్యూజు పీకి, ఎవరూ తెలియక పెట్టేయకుండా చొక్కా జేబులో వేసుకున్నాడు. క్వార్టరంతా చీకటి. చిన్న టార్చి పళ్ళమధ్య కరిచిపట్టుకుని స్క్రూ తిప్పబోతే, అరిగిపోయిన ఆ స్క్రూ జారుతూనే ఉంది. మనసులోనే దాన్ని బండబూతులు తిట్టాడు.

ఫ్రిజ్‌లో మోటారు గిర్రుమంది.

జేబు తడుముకున్నాడు. ఫ్యూజు అక్కడే ఉంది.

టార్చి వెలుగులో, ఎవరో గ్లాసు ఆనించినట్టు మీట మెల్లగా లోపలికి అణిగింది. ఒక ముక్క రాలింది. నేలమీద పడిన చప్పుడు మాత్రం రాలేదు.

తర్వాత చీకట్లో, చెవి పక్కనే, కరకర.

“ఏటండీ, ఈ రాత్రప్పుడు ఐసు నమిలేస్తన్నారు? అసలే దగ్గు!” గదిలోంచి విసుక్కుంది నూకరత్నం.

టార్చి ఇంకా పైడిరాజు పళ్ళమధ్యే ఉంది.