దిగిన శ్రుతి

“విడుదల చేసెయ్యనా అన్నయ్యా?” తమ్ముడు మౌస్ మీద వేలుంచి అడిగాడు.

ఒకప్పుడు ఇద్దరూ ఒకే గదిలో పాడుతూ గొంతులు చించుకున్న రోజుల మీద వాడొక్కడే చేసుకున్న పాట అది, మనసులో బాధని అరిచి చెప్పే ఎమో రాక్. బాగుంది. అన్న కడుపుమంట అక్కడే. గిటారు మానేశాక పెరిగిన ఎడమచేతి గోళ్ళతో బల్లని గీరాడు.

“పాటంతా శ్రుతి తగ్గింది. ఆమాత్రం వినపడలేదూ?”

“వినపడింది. వాయించింది నీ గిటారే. నువ్వు గోడకి తగిలించాక దాని తీగలు బిగించే బిరడాలు నేను తిప్పలేదు. దాని శ్రుతి ఎంత దిగిందో, మిగతా వాయిద్యాలన్నీ అంతకే దించాను.”

కోడిగుడ్డు మీద ఈకలు పీకుదామని కూర్చున్న అన్న బల్ల గీరడం ఆపాడు. తన గోళ్ళ వైపు చూసుకున్నాడు.

“ఇప్పుడే వదలకు. నెయిల్ కట్టర్ ఇలా ఇవ్వు. వీటితో తీగలు నొక్కలేను.”