వెండి రేకు

వర్జిల్ తుపాకి పేలింది.

గుండు ఈసారి కూడా నల్ల చుక్కకి తగల్లేదు. జానెడు కింద కాగితాన్ని చించుకుని పోయింది.

"ఏంటి పెద్దాయనా, వానపాముల్ని వేటాడుతున్నావా?" అన్నాడు టాలివర్ పక్క బల్ల దగ్గర్నుంచి.

టాలివర్‌కి నోరెక్కువ. అందరూ నవ్వారు.

వర్జిల్ తుపాకి దించాడు. గొట్టాన్ని తడిగుడ్డతో తుడిచాడు. తుపాకి మందు కొలిచి గొట్టం మూతిలోంచి పోశాడు. కొవ్వు రాసిన గుడ్డముక్క మీద సీసపు గుండు పెట్టి, పొడుగాటి కర్రతో మెల్లగా దట్టించాడు. మళ్ళీ కాల్చాడు.

మళ్ళీ జానెడు కిందే. మొదటి చిల్లుని ఆనుకుని.

కెంటకీ కొండల్లోని ఆ తుపాకుల మైదానానికి ఆయన వసంతం నుంచీ వస్తున్నాడు. ఎవరి తాలూకో ఎవరికీ తెలియదు. శనివారం శనివారం వచ్చి చివరి బల్ల దగ్గర కూర్చునేవాడు. పాతిక గజాల నుంచి కొడితే గుండు జానెడు కింద పడేది. యాభై గజాల నుంచైతే మూరెడు కింద. వంద గజాలైతే కాగితం దాకా పోకుండా మట్టి లేపేది.

కారణం అక్కడ అందరికీ తెలిసిందే. గొట్టం చివర నిలబెట్టిన గురి రేకు మరీ ఎత్తుగా ఉంది. కొత్త తుపాకికి అలాగే పెడతారు. కాల్చి చూసుకుంటూ ఆకురాయితో కొంచెం కొంచెం అరగదీస్తే గుండు పైకెక్కుతుంది. ఎక్కువ అరగదీస్తే మాత్రం ఆ రేకు మళ్ళీ పెరగదు.

"ఆకురాయి ఇస్తాను, నాలుగు రుద్దులు రుద్దుకో," అన్నాడు మైదానం చూసుకునే లానీ.

"వద్దు నాయనా. అలాగే ఉండనీ."

"అలాగే ఉంటే జన్మలో చుక్కకి తగలదు పెద్దాయనా!"

"తెలుసులే."

మధ్యాహ్నం అందరూ చిక్కుడు గింజల కుండ చుట్టూ చేరి మొక్కజొన్న రొట్టె తింటుంటే, వర్జిల్ ఒక్కడే తన బల్ల దగ్గర ఏదో పొట్లం విప్పుకునేవాడు. ఒకసారి లానీ పిలిస్తే వచ్చాడు. టాలివర్ వానపాముల మాట ఎత్తాడు. ఆ తర్వాత మళ్ళీ రాలేదు.

అక్టోబరులో పందెం రోజు వచ్చింది. నవ్వుకోవడానికి పనికొస్తుందని టాలివర్ ఆయన పేరు కూడా రాయించాడు.

లానీకి మనసొప్పలేదు. తుపాకి మందు దాచుకునే కొమ్ము తెచ్చుకుందామని వర్జిల్ తన బండి దగ్గరికి వెళ్ళగానే, జేబులోంచి ఆకురాయి తీసి ఆ రేకుని గబగబా అరగదీశాడు. ఒక్కసారైనా ముసలాయన నవ్వే మొహంతో ఇంటికెళ్ళాలని అతని ఆశ.

వర్జిల్ వంతు వచ్చింది. కాల్చాడు.

గుండు నల్ల చుక్క మధ్యలో దిగింది.

మైదానమంతా చప్పట్లు. టాలివర్ టోపీ తీశాడు.

వర్జిల్ కాగితం వైపు చూడనే లేదు. గొట్టం చివర బొటనవేలితో తడిమాడు. వేలికి వెండి పొడి అంటింది. మెల్లగా తలెత్తి లానీని చూశాడు.

లానీ కన్ను గీటాడు.

"నీది మంచి మనసు నాయనా," అన్నాడు వర్జిల్. తుపాకి గుడ్డలో చుట్టుకుని వెళ్ళిపోయాడు. ఆ తర్వాత శనివారం రాలేదు. అసలింక రాలేదు.

"గెలిచాక మనం గుర్తుంటామా?" అన్నాడు టాలివర్.

మంచు కరిగాక ఒక శనివారం వర్జిల్ పాత బండి వచ్చి ఆగింది. అందులోంచి నడివయసు ఆడమనిషి దిగింది. చివరి బల్ల దగ్గర కూర్చుని అదే తుపాకి కాల్చింది. గుండు చుక్కకి బెత్తెడు పైన పడింది.

లానీ దగ్గరికి వెళ్ళాడు. "ఇది వర్జిల్ పెద్దాయన తుపాకి కదమ్మా? ఎలా ఉన్నాడు?"

"పోయాడండీ. క్రిస్మస్ వెళ్ళిన వారానికి. నేను ఆయన కూతుర్ని, రీనాని."

లానీ ఆమె పక్కన కూర్చున్నాడు.

"తుపాకులు చెయ్యడమే ఆయన పని. నాకోసం చేసిన ఆఖరిది ఇది. అమ్మ పెళ్ళినాటి వెండి చెంచాలోంచి ఈ రేకు కోశాడు. ఎవరి కంటికి తగ్గట్టు వాళ్ళే అరగదీసుకోవాలి, ఇంకొకరు ముట్టుకోకూడదు అనేవాడు. వేసవంతా ఇక్కడ కూర్చుని మందు ఎంత పోయాలో తేల్చాడట. 'గుళ్ళన్నీ ఒకే చోట పడుతున్నాయమ్మా, ఇంక నువ్వొచ్చి రేకు అరగదీసుకోవడమే తరువాయి' అని ఫోన్ మీద ఫోన్."

"మరి నువ్వు..."

"అమ్మ పోయినప్పుడు మాటా మాటా అనుకున్నాం. ఆ కోపంతో ఏళ్ళ తరబడి ఇటు రాలేదు. క్రిస్మస్‌కి వద్దామనే అనుకున్నా. ఇంతలో అక్టోబరులో ఫోన్ చేసి, 'ఓపిక పట్టలేక నేనే అరగదీసేశానమ్మా, తప్పయిపోయింది' అన్నాడు."

ఆమె గొట్టం చివర రేకుని వేలితో నిమిరింది.

"నాకోసం ఎదురుచూడ్డం మానేశాడనుకున్నా. అందుకే నేను రాలేదు."

లానీ చెయ్యి జేబులోకి వెళ్ళింది.

"మీ నాన్న ఎదురుచూడ్డం మానలేదమ్మా," అన్నాడు, ఆకురాయి తీసి ఆమె ముందు బల్ల మీద పెడుతూ.