బెల్లం ఆపరేషన్

"కుక్కకి వెన్నుపూస ఆపరేషనా? రేపు కళ్ళజోడు కూడా పెట్టిద్దామా?" అన్నాడు జగన్మోహన్.

వంటగది నేల మీద బెల్లం ముందు కాళ్ళతో పాకుతోంది. వెనక కాళ్ళు రెండూ తడిగుడ్డల్లా ఈడ్చుకొస్తున్నాయి. పొట్టి కాళ్ళు, పొడుగు నడుము ఉన్న డాక్స్‌హండ్ అది. పొద్దున సోఫా మీంచి దూకి కుయ్యిమంది, అంతే. డిస్క్ జారి నరాన్ని నొక్కుతోందని వెట్ డాక్టర్ చెప్పింది. కాలి వేలు గిల్లితే ఇంకా నొప్పి తెలుస్తోంది కాబట్టి, ఇవాళే ఆపరేషన్ చేస్తే మళ్ళీ నడవొచ్చంది.

రేణు ఆ మధ్యాహ్నమే ఆఫీసు పని మీద డాలస్ వెళ్ళాలి. లేఆఫ్‌ల రోజులు. ట్రిప్ మార్చమని అడిగినా మేనేజర్ ఒప్పుకోలేదు.

"ఆపరేషన్ చేయిస్తానని ప్రామిస్ చేయండి," అంది భర్తతో.

"చేయిస్తానన్నాగా," అన్నాడు విసుగ్గా.

హాస్పిటల్లో జగన్మోహన్ ఆపరేషన్ మాటే ఎత్తలేదు. శాశ్వతంగా నిద్రపుచ్చే ఇంజెక్షన్ ఇచ్చేయమన్నాడు. చివరిదాకా పక్కన ఉంటారా అని అడిగితే మీటింగ్ ఉందన్నాడు. బూడిద కూడా అక్కర్లేదన్నాడు. బెల్లం బుట్టలోంచి తల చాచి అతని వేళ్ళు నాకింది. చెయ్యి ప్యాంటుకు తుడుచుకుని బయటపడ్డాడు.

సాయంత్రం రేణుకి మెసేజ్ పెట్టాడు. ఆపరేషన్ మధ్యలోనే పోయింది, సారీ అని. 'ఓకే' అని ఒక్క మాట వచ్చింది.

ఊరి నుంచి వచ్చాక కూడా రేణు ఏడవలేదు. ఏమీ అడగలేదు. రోజూ ఆఫీసు నుంచి ఆలస్యంగా వచ్చి, తిని పడుకునేది. ఇన్నాళ్ళ ముద్దూ ఇంతేనా అని జగన్మోహన్ లోలోపల నవ్వుకున్నాడు. ఆ ఏడుపేదో తానే అందుకున్నాడు. బెల్లం ఫొటోకి దండ వేసి వాట్సాప్ గ్రూపులో పెట్టాడు. ఎవరింటికెళ్ళినా ఆ కథే. చెప్పినకొద్దీ పెరిగింది. వాళ్ళుండే నోవై ఊళ్ళో తెలుగువాళ్ళంతా అతనిది ఎంత మెత్తటి మనసో అనుకున్నారు.

కొన్ని వారాల తర్వాత, ఓ శనివారం వాళ్ళింట్లో పాట్‌లక్ విందు. రేణు ఇప్పుడే వస్తానని కారేసుకుని వెళ్ళింది. పులిహోర ప్లేట్లు పట్టుకున్న స్నేహితుల మధ్య జగన్మోహన్ మళ్ళీ మొదలుపెట్టాడు. ఆపరేషన్ గది బయట పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకుండా కూర్చున్నానన్నాడు. సర్జన్ బయటికొచ్చి తన చెయ్యి పట్టుకుందన్నాడు. స్నేహితుడి భార్య సుధ కళ్ళు ఒత్తుకుంది.

"అప్పుడు ఆ డాక్టర్ ఏమందో తెలుసా?" అన్నాడు గొంతు తగ్గించి.

గరాజ్ వైపు తలుపు తెరుచుకుంది. అందరి తలలూ అటు తిరిగాయి. జగన్మోహన్ చేతిలో ప్లేటు ఒరిగింది.

గుమ్మంలో రేణు. ఆమె పట్టుకున్న నడుము పట్టీ ఆసరాతో, తూలుతూ, నాలుగు కాళ్ళ మీద బెల్లం.

"ఇంజెక్షన్ ఇచ్చే ముందు హాస్పిటల్ వాళ్ళు నాకు ఫోన్ చేశారు. దాని ఒంట్లో పెట్టిన గుర్తింపు చిప్ నా పేరు మీద ఉంది కదా," అంది రేణు, అందరికీ వినపడేలా. "అప్పుడే ఫోన్లోనే చెప్పి ఆపరేషన్ చేయించాను. ఇన్నాళ్ళూ రిహాబ్‌లో ఉంచి, నీళ్ళలో నడిపించి మళ్ళీ నడక నేర్పారు. రోజూ వెళ్ళొచ్చాను."

తర్వాత భర్త వైపు తిరిగింది.

"ఆపేశారేం? చెప్పండి. డాక్టర్ ఏమంది?"