మోచేతికి బెత్తెడు కింద

“ఇవాళ ఆదివారం, రాళ్లు కోసేవాడు పన్నెండింటికే షాపు కట్టేస్తాడండీ. ఈలోపు వంటగట్టు ఎత్తెంతో తేల్చకపోతే నా వల్ల కాదు. రేపట్నుంచి పామర్రులో పని ఒప్పుకున్నా. మళ్లీ నెల దాకా రాలేను,” అన్నాడు తాపీమేస్త్రి అల్లాబక్ష్.

పాత వంటిల్లు పగలగొట్టి అప్పటికే వారమైంది. గ్యాసు స్టౌ వరండాలో బల్ల మీదికి చేరింది. నల్ల గ్రానైట్ గట్ల మోజు పటమటకి కొత్తగా పాకిన రోజులవి. కొత్త వంటింటి ప్లానులో అత్త రామతులసికీ, కోడలు సుస్మితకీ ఎక్కడా పేచీ రాలేదు. పొయ్యి ఆగ్నేయంలో, సింకు కిటికీ కింద, పప్పుల డబ్బాలు కుడిచేతి వైపు అల్మరాలో. ఇద్దరూ కాగితం మీద గీసుకుని ముచ్చటగా ఒప్పేసుకున్నారు. గట్టు ఎత్తు దగ్గరికొచ్చేసరికి కథ అడ్డం తిరిగింది.

అల్లాబక్ష్ లెక్క ఒకటే. వండే మనిషి నిటారుగా నిలబడి మోచెయ్యి మడవాలి. గట్టు దానికి బెత్తెడు కిందకి రావాలి. పైనుంటే రెక్కలు లాగుతాయి, కిందుంటే నడుం పోతుంది. రామతులసి పొట్టి మనిషి. ఆవిడ కొలతకి గోడ మీద ముప్పై ఒక్క అంగుళాల దగ్గర బొగ్గు గీత పడింది. సుస్మిత ఇంట్లో మగవాళ్లకన్నా పొడుగు. ఆమె గీత ముప్పై ఏడు దగ్గర పడింది.

“కోడలి కొలతకే కట్టు. చిన్నపిల్ల, వంగి వంగి దాని నడుం ఏం కావాలి?” అంది రామతులసి.

“వద్దండీ, అత్తయ్యగారి కొలతకే కట్టండి. ఈ వయసులో ఆవిడ చేతులెత్తి వండటమేంటి?” అంది సుస్మిత.

అల్లాబక్ష్ కళ్లు చెమర్చాయి. పాతికేళ్లుగా గట్లు కడుతున్నాడు. నా కొలతకంటే నా కొలతకని అత్తాకోడళ్లు జుట్లు పట్టుకోబోయిన ఇళ్లు ఎన్నో చూశాడు. ఎదుటి మనిషి సుఖం కోరే ఇల్లు చూడటం ఇదే మొదలు. సాయంత్రం ఇంటికెళ్లగానే భార్య ఖుర్షీదాకి ఈ సంగతి చెప్పి తీరాలనుకున్నాడు.

“తులసీ, కాఫీ,” అని వరండాలోంచి కేక వినిపించింది. రామతులసి భర్త రామకోటేశ్వరరావు గారు రిటైరై నెలయింది. పేపరు మొదటి పేజీకో కాఫీ, ఆటల పేజీకో కాఫీ ఆయనకి తప్పనిసరి. మధ్యలో పునుగులు తగిలితే వద్దనరు. స్టౌ ఆయన కుర్చీకి మూరెడు దూరంలోనే ఉంది.

రామతులసి వెళ్లి కాఫీ కలిపి ఇచ్చి, వస్తూ వస్తూ మేస్త్రిని పెరట్లోకి పిలిచి గొంతు తగ్గించింది.

“అసలు మాట చెబుతా విను. గట్టు ఎవరికి అమిరితే గరిటె వాళ్లదే. ముప్పై నాలుగేళ్లు వండానయ్యా, ఇక నా వల్ల కాదు. నాకు అందని గట్టు కట్టి పుణ్యం కట్టుకో.”

అల్లాబక్ష్ కళ్లల్లో తడి సగం ఆరిపోయింది. లోపలికొచ్చేసరికి కిటికీ దగ్గర సుస్మిత కాచుకుని ఉంది. పొద్దున్నే అందరికీ వండిపెట్టి తొమ్మిదింటికి ఆఫీసు బస్సు అందుకోలేక చస్తున్నానని, గట్టు అత్తగారికి అమిరిందంటే తన ప్రాణం హాయిగా ఉంటుందని, ఈ మాట మూడో మనిషికి తెలియనివ్వద్దని బతిమాలింది. మిగతా సగమూ ఆరిపోయింది.

టైము పదకొండున్నర. రహస్యాలు దాచుకుంటూ కూర్చుంటే రాళ్ల షాపు ఆగదు. అల్లాబక్ష్ ఇద్దర్నీ ఎదురెదురుగా నిలబెట్టి ఉన్నదున్నట్టు చెప్పేశాడు.

అత్తాకోడళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు సుస్మితకి నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి రామతులసికీ ఆగలేదు. ఎదుటి మనిషికి వంటంటే ప్రాణమని ఇన్నాళ్లూ ఇద్దరూ అనుకుంటున్నారట. కొంగులు అడ్డం పెట్టుకుని కళ్లనీళ్లొచ్చేదాకా నవ్వారు.

“మధ్యే మార్గంగా ముప్పై నాలుక్కి కడతానండీ. ఇద్దరికీ అమరదు, గొడవే లేదు,” అంటూ అల్లాబక్ష్ గోడ మీద మూడో గీత గీశాడు.

“ఇంకో కాఫీ ఇచ్చే ఉద్దేశం ఉందా లేదా?” అని వరండాలోంచి మళ్లీ కేక.

ఇద్దరి నవ్వూ ఠక్కున ఆగింది. ఇద్దరూ మూడో గీతని చూశారు. తర్వాత వరండా వైపు చూశారు. సుస్మిత మేస్త్రి చేతిలోని టేపు తీసుకుని అత్తగారికి అందించింది.

“ఏవండీ,” అని పిలిచింది రామతులసి, ఎన్నడూ లేనంత ప్రేమగా, “ఆ పేపరు పక్కన పెట్టి, ఒక్కసారి ఇలా వచ్చి మోచెయ్యి మడవండి.”